గోడ తవ్వకుండా షోరూమ్ కట్టడం: ఒక పాత ప్రెస్ బిల్డింగ్‌తో నా అనుభవం

మాది లైట్లు తయారుచేసే కంపెనీ. టేబుల్ ల్యాంపులు, సీలింగ్ నుంచి వేలాడేవి, ఆఫీసులకి పెట్టే ట్రాక్ లైట్లు, ఇలాంటివి. ఆఫీసు ఒక చోట, షోరూమ్ ఇంకో చోట అద్దెకి ఉండేవి, రెండూ ఒకే కప్పు కిందకి తెద్దామని వెతుకుతుంటే వందేళ్ళు దాటిన ప్రింటింగ్ ప్రెస్ బిల్డింగ్ ఒకటి కంటపడింది. ప్రెస్ ఎప్పుడో మూతపడింది, ఆ తర్వాత గోడౌన్‌గా, ఇంకేవో ఆఫీసులుగా చేతులు మారింది, పైగా హెరిటేజ్ లిస్టులో ఉంది. నేను ఆర్కిటెక్ట్‌ని కాదు, ఇంజనీర్ని కాదు, కంపెనీ తరపున ఈ పని మొదటినుంచి చివరిదాకా చూసుకున్న మనిషిని, అంటే అన్ని వైపుల నుంచీ తిట్లు తినే పోస్టు. ఇలాంటి పని నెత్తిన వేసుకునేవాళ్ళకి కొంచెం ముందే తెలిస్తే మంచిదనిపించినవి రాస్తున్నా.

హెరిటేజ్ కమిటీ వాళ్ళు పర్మిషన్‌తో పాటు షరతుల కాగితం ఒకటి ఇచ్చారు. చాలావరకు అనుకున్నవే, ముందువైపు రూపు మార్చకూడదు, కప్పు ఎత్తు పెంచకూడదు అని. ఒక్క షరతు దగ్గర మాత్రం మా వాళ్ళందరికీ నోట మాట రాలేదు. పాత గోడల్ని ఎక్కడా కట్ చేయకూడదు, గోడలోపల దాచే కన్సీల్డ్ వైరింగ్ కుదరదు, కొత్తగా ఏది పెట్టినా రేపు తీసేస్తే గోడ ఇప్పుడున్నట్టే ఉండాలి. లైట్ల కంపెనీకి గోడ ముట్టుకోకుండా షోరూమ్ కట్టుకోమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి, మా సరుకంతా వైర్ల మీదే కదా బతికేది. కానీ ఇవాళ ఆ షోరూమ్ చూసి బాగుందన్న ప్రతివాళ్ళూ మెచ్చుకునేది ఆ షరతు వల్ల పుట్టిన దాన్నే. అదెలాగో చెప్పేముందు గోడల కథ చెప్పాలి.

మా ఎండీ గారి మొదటి ప్రశ్న, ఇంత తలనొప్పి ఎందుకు, ఖాళీ స్థలంలో మంచి గ్రీన్ బిల్డింగ్ కొత్తది కట్టేసుకుంటే పోలా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి మా ఆర్కిటెక్ట్ మేడం 2011లో అమెరికాలో నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అని పాత కట్టడాల్ని కాపాడే సంస్థ వాళ్ళు చేయించిన అధ్యయనం చూపించారు. మామూలు పాత బిల్డింగ్ కన్నా 30 శాతం తక్కువ కరెంటు తాగే కొత్త బిల్డింగ్ కట్టినా సరే, కట్టడంలో అయిన కాలుష్యం ఆ పొదుపుతో తీరడానికి బిల్డింగ్ రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్ళు పడుతుందట. ఇటుక కాల్చడం, స్టీలు కరిగించడం, సిమెంటు, లారీలు, అంతా మొదటిరోజే ఖర్చైపోతుంది, మిగిలేది మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా వస్తుంది. ఎండీ గారు లెక్కల మనిషి, అప్పు తీరే కాలం అనేసరికి అర్థమైపోయింది. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు, బిల్లులు వచ్చినప్పుడు తప్ప.

పని మొదలవకముందే ఆగిపోయింది, సీసం వల్ల. ప్రెస్ అంటే అచ్చులు, అచ్చులంటే సీసం, యాంటిమొనీ, తగరం కలిపి పోసిన లోహం, అక్కడ దశాబ్దాల పాటు వాటిని కరిగించారు, రుద్దారు, కింద పడేశారు, ఆ పొడి చెక్క ఫ్లోర్ సందుల్లో దిగిపోయి ఉంది. పైకి ఏం కనపడదు, చీపురుతో ఊడిస్తే మాత్రం గాల్లోకి లేస్తుంది. మేడం ముందుగానే అనుమానపడి తడిగుడ్డతో తుడిచి శాంపిల్స్ ల్యాబ్‌కి పంపారు కాబట్టి బయటపడింది. కిటికీలకున్న పాత పెయింట్‌లోనూ సీసం ఉంది, కాబట్టి పొడిగా ఇసక కాగితం పట్టడం బంద్. దీనికి లైసెన్సున్న వాళ్ళొచ్చి, ఒళ్ళంతా కప్పుకుని, అతి సన్నటి దుమ్మునీ పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌లతో సందు సందూ లాగి, తడిగా తుడిచి, మళ్ళీ టెస్ట్ చేయించి క్లియర్ చేసేదాకా ఒక్క పనివాణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు. పాత ప్రెస్ గానీ బ్యాటరీల షెడ్డు గానీ పెయింట్ ఫ్యాక్టరీ గానీ ఎవరన్నా తీసుకుంటుంటే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే ఈ టెస్ట్ చేయించుకోండి, ఖర్చు చిన్నది, తేలేది పెద్దది.

ఇక గోడలు. రెండడుగుల మందం ఇటుక గోడ, లోపలా బయటా సున్నం పూత. ముందెప్పుడో అద్దెకున్నవాళ్ళెవరో కింద నెమ్ము కనపడుతోందని ఛాతీ ఎత్తు దాకా సిమెంట్ ప్లాస్టర్ కొట్టేసి, దానిమీద ప్లాస్టిక్ పెయింట్ వేసేశారు. అక్కడితో నెమ్ము పోయిందనుకున్నారేమో. గోడలోకి కింద నుంచి ఎక్కిన నీళ్ళకి బయటికి పోయే దారి మూసేస్తే అవి పోతాయా, సిమెంట్ ఎక్కడ ఆగిందో దానిపైకి ఎక్కి అక్కడ బయటపడతాయి, ఉప్పు పూస్తుంది, పెచ్చులూడతాయి. మా బిల్డింగ్‌లో సరిగ్గా ఛాతీ ఎత్తుకి పైన గోడ చుట్టూరా బెల్టు కట్టినట్టు ఒక మరక ఉండేది.

నెమ్ము మీటర్ అని రెండు పిన్నులుండే పరికరం ఒకటుంటుంది, దాన్ని గోడకి గుచ్చితే ఎర్ర లైటు వెలిగి కీకీమంటుంది, నెమ్ము ఆపడానికి గోడలోకి కెమికల్ ఇంజెక్షన్ చేస్తామని వచ్చే కాంట్రాక్టర్ల అందరి చేతిలోనూ ఇదే. అది కొలిచేది గోడ గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో, అంతే, గోడలో ఉప్పుంటే నీళ్ళు అంత లేకపోయినా అది గోల పెడుతుంది. అందుకే మేడం ఆ కొటేషన్లన్నీ పక్కన పెట్టించి, గోడలోపలి నుంచి చిన్న పొడి శాంపిల్స్ తీయించి (ఇటుక కాదు, ఇటుకల మధ్య జాయింట్ల లోంచి, ఆ మాత్రానికి కూడా కమిటీ అనుమతి తీసుకునే), తూకం వేసి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్ళీ తూకం వేయించారు. తేడా ఎంతో అంత నీళ్ళు, మోసపోయే అవకాశం లేదు. తీరా చూస్తే అసలు జబ్బు గోడలో లేదు. బయట రోడ్డు మీద పొర మీద పొర వేసుకుంటూ పోయి నేల మట్టం లోపలి ఫ్లోర్ కన్నా పైకొచ్చింది, పైనుంచి వానపైపు ఒకటి చీలిపోయి నీళ్ళన్నీ గోడ వెంటే దిగుతున్నాయి. బయట గోడ వెంబడి తవ్వి నేల దించి, గులకరాళ్ళు పోసి, పైపు మార్చాం. ఇంజెక్షన్ లేదు ఏమీ లేదు.

సిమెంట్ తీయడం మాత్రం నరకం. మెషిన్ పెడితే ఇటుక ముఖం ఊడి వచ్చేస్తుంది, ఎందుకంటే సిమెంట్ ఇటుక కన్నా గట్టిది, అది కదిలితే ఇటుకని పట్టుకునే కదులుతుంది. అంతా సుత్తి, చిన్న ఉలి, ఓపిక. తీశాక గోడ ఆరాలి. అంగుళం మందానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది, ఆ లెక్కన రెండడుగుల గోడ ఎప్పటికి ఆరుతుందో మా ఫైనాన్స్ ఆయన వేళ్ళ మీద లెక్కేసి నా మొహంలోకి చూశాడు. అంతకాలం ఎవరాగుతారు, అందుకని బాగా తడిసిన వెనక గోడని అలాగే బోసిగా వదిలేసి, పొడిగా ఉన్న వైపు నుంచి పని మొదలుపెట్టాం. ఉప్పు ఎక్కువున్న చోట్ల కాగితపు గుజ్జు తడిపి పట్టు వేశారు, అది ఆరేటప్పుడు గోడలో ఉప్పుని తనలోకి లాక్కుంటుంది, తీసి పారేసి మళ్ళీ వేయాలి.

కొత్త పూత సున్నమే. ఇక్కడ కమిటీ పట్టుదల ఒక్కటే కారణం కాదు, ఆ బిల్డింగ్ కట్టిందే సున్నంతో, మెత్తటి ఇటుకకి మెత్తటి పూతే సరిపోతుంది, నెమ్ము లోపలికీ బయటికీ ఆడుతుంటుంది. జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ తీసుకున్నది 1824లో, దానికి ముందు వేల ఏళ్ళు ఎన్నో కట్టడాలు నిలబడింది సున్నం మీదే కదా. సున్నపురాయి 900 డిగ్రీల దగ్గర కాలుతుంది, సిమెంట్ బట్టీకి 1450 దాకా కావాలి, ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంట్‌దే. సున్నం ఆరేటప్పుడు గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్‌ని వెనక్కి పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది, ఇది నిజమే, కానీ దీన్ని పట్టుకుని మా బ్రోషర్‌లో ‘మా గోడలు కాలుష్యాన్ని తాగేస్తాయి’ అని రాయబోయారు, నేనే ఆపించాను. రాయిలోంచి పోయింది కొంత వెనక్కొస్తుందేమో గానీ బట్టీకి కాల్చిన ఇంధనం పొగ ఎక్కడికి పోతుంది.

తాపీ మేస్త్రి గారు పెద్దాయన, సున్నం పని తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి ఆయన డేట్లని బట్టే మా డేట్లు. రోజూ పొద్దున వెళ్ళి ‘మేస్త్రి గారూ, ఈ గోడ ఎప్పటికవుతుందండీ’ అంటే ‘ఎండితే చెడుద్ది బాబూ, ఆరాలి’ అనేవాడు. ఎండటానికీ ఆరటానికీ అంత తేడా ఉందని నాకప్పుడే తెలిసింది. నీళ్ళు త్వరగా పోతే సున్నం గట్టిపడదు, చేత్తో రాస్తే పొడి రాలుతుంది, అందుకే తడి గోనెపట్టాలు వేలాడదీసి, కిటికీలు మూసి, ఒక్కో పొర పల్చగా వేసుకుంటూ, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. గట్టిపడిందో లేదో చూడటానికి స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాడే ఫినాఫ్తలీన్ ఉంటుంది కదా, దాన్నే పూత అంచు కొద్దిగా విరిచి చుక్క వేసేవాళ్ళు. గులాబీ రంగు వస్తే లోపల ఇంకా పచ్చి సున్నమే, రంగు రాకపోతే రాయైపోయినట్టు. మా ఎండీ గారు సైట్‌కి వచ్చినప్పుడల్లా ఆ గులాబీ రంగు చూపించేవాణ్ణి, ఎందుకు లేటని మాటల్లో చెప్పక్కర్లేకుండా పోయేది.

రంగు దగ్గర అసలు గొడవ. మా బ్రాండ్ కలర్ నారింజ, బాగా కొట్టొచ్చే నారింజ, డబ్బా మీదా, కార్డు మీదా, వెబ్‌సైట్‌లోనూ అదే. మార్కెటింగ్ హెడ్‌కి లోపలికి అడుగు పెట్టగానే ఒక పెద్ద గోడ మొత్తం నారింజ ఉండాలి, ఫొటోలు అక్కడే తీసుకోవాలి. ప్లాస్టిక్ పెయింట్ వేస్తే మళ్ళీ మొదటి కథే. పోనీ సున్నంలోనే ఆ రంగు కలిపి వెల్ల వేద్దామంటే పచ్చి సున్నం ఘాటుకి ఏ రంగు పడితే ఆ రంగు నిలబడదు. మట్టి రంగులు, ఐరన్ ఆక్సైడ్లు నిలబడతాయి, ఆర్గానిక్ పిగ్మెంట్లు చాలావరకు వెలిసిపోతాయి, ప్రష్యన్ బ్లూ లాంటి పేరున్న రంగు కూడా సున్నంలో చచ్చిపోతుంది. ఐరన్ ఆక్సైడ్‌తో వచ్చే నారింజ పండిన ఇటుక రంగులా ఉంటుంది, మా డబ్బా రంగులా కాదు. శాంపిల్ పలకలు వేసి చూపిస్తే ఆయన ‘ఇది మన రంగు కాదు’ అన్నాడు, మేడం ‘ఇది గోడ రంగు’ అంది, మీటింగ్ అయిపోయింది.

ఈలోపు కన్సర్వేషన్ వాళ్ళు గోడ మీద ఒక చోట మెట్లు మెట్లుగా పొరలు గీకి చూపించారు. పైన తెలుపు, కింద పాచి ఆకుపచ్చ, ఇంకా కింద లేత నీలం, అట్టడుగున ఇటుక మీద మొట్టమొదటి పూత పసుపుపచ్చ మట్టి రంగు. ఆ అట్టడుగు రంగే వేశాం. మార్కెటింగ్ వాళ్ళు అప్పట్లో ఏవన్నా డిజైన్లు, బార్డర్లు ఉండేవేమో అవి కూడా గీయిద్దామన్నారు గానీ కమిటీ ఒప్పుకోలేదు. పాత కట్టడాల్ని కాపాడటానికి రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, 1964 వెనిస్ చార్టర్‌లోనే ఉంది, ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగాలి అని. ఆధారం ఉన్నది రంగుకే, బార్డర్‌కి లేదు. నాకైతే ఈ రూలు చాలా నచ్చింది, పాతకాలం లుక్ పేరుతో జరిగే సగం అన్యాయాలు ఆ ఒక్క వాక్యంతో ఆగిపోతాయి.

మరి నారింజ ఎక్కడ? వైర్లు ఎలా? రెండు ప్రశ్నలకీ ఒకే చోట జవాబు దొరికింది, అదీ ఎవరూ ప్లాన్ చేయకుండా.

ఫాల్స్ సీలింగ్ పీకేసినప్పుడు పైన దూలాల వెంబడి వరసగా చిన్న చిన్న తెల్లటి పింగాణీ బొడిపెలు బయటపడ్డాయి. మొదట్లో కరెంటు వచ్చినప్పుడు గోడ తవ్వకుండా వైర్లని వాటి మీద నుంచే గాల్లో లాగారన్నమాట. అంటే ఈ బిల్డింగ్‌లో వైరు ఎప్పుడూ బయటే ఉంది! మేడం వెంటనే దాన్ని ఫొటోలు తీసి కమిటీకి పంపారు, బయటికి కనపడే వైరింగ్ ఇక్కడ కొత్త కాదు, మొదటినుంచీ ఉన్నదే అని. వాళ్ళు ఒప్పుకున్నారు, కాకపోతే ఆ పాత బొడిపెలు వాడొద్దు, దూలాలకి కొత్త మేకు కొట్టొద్దు అన్నారు.

దానికోసం వచ్చిందే ఫ్రేము. వెరోనాలో కాస్టెల్‌వెక్కియో అని పాత కోట మ్యూజియం ఉంది, కార్లో స్కార్పా అనే ఇటలీ ఆర్కిటెక్ట్ 1950ల చివర్లో మొదలుపెట్టి దాని మీద పనిచేశాడు, కొత్తగా వేసిన ఫ్లోర్‌ని పాత గోడ దాకా తీసుకెళ్ళకుండా కొంచెం ఇవతలే ఆపేసి సన్నటి సందు వదిలాడు, పాతది పాతదే కొత్తది కొత్తదే అని కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. అదే కాలంలో వెనిస్‌లో సాన్ మార్కో స్క్వేర్ దగ్గర పాత కట్టడంలోనే ఆలివెట్టి టైప్‌రైటర్ల షోరూమ్ కూడా ఆయనే చేశాడు, ఒక కంపెనీ బ్రాండ్ ఒక చారిత్రక బిల్డింగ్‌లోకి మర్యాదగా ఎలా రావాలో చూడాలంటే నా మటుకు నాకు దాన్ని మించింది లేదు, లోపల గోడనిండా లోగోలు లేవు, పాలరాతి మెట్లు గాల్లో తేలుతున్నట్టుంటాయి, నేల మీద గాజు ముక్కల మొజాయిక్. మా వాళ్ళ మీటింగ్‌లో ఈ రెండు చోట్ల ఫొటోలు చూపించాక గొడవ సగం చల్లారింది.

మేం చేసింది చాలా సాదాది. నేల మీద తన కాళ్ళ మీద తాను నిలబడే స్టీలు ఫ్రేములు, గోడకి జానెడు దూరంలో, అన్నీ బోల్టులే, వెల్డింగ్ లేదు, ఎప్పుడైనా విప్పి తీసుకుపోవచ్చు. లైట్లు, ట్రాకులు, స్విచ్చులు, ఏసీ పైపులు, అల్మారాలు, బోర్డులు, సమస్తం దానికే వేలాడతాయి, గోడకి ఒక్క మేకు కూడా లేదు. శాంపిల్‌గా ఒక ఫ్రేము నిలబెట్టి వైర్లు లాగి చూపించమంటే ఎలక్ట్రీషియన్ దగ్గర ఆ రోజుకి మా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నారింజ రంగు గుడ్డ తొడుగు కేబులే ఉంది, టేబుల్ ల్యాంపులకి వాడేది. దాన్నే కొత్త పింగాణీ బొడిపెల మీద నుంచి ఫ్రేము పొడుగునా లాగేశాడు. పసుపుపచ్చ గోడ ముందు నల్లటి ఫ్రేము మీద సన్నటి నారింజ గీత ఒకటి అలా పోతూ చివర్లో ఒక ల్యాంపు. మార్కెటింగ్ హెడ్ కాసేపు చూసి ‘అయితే గోడ అక్కర్లేదు’ అన్నాడు. అంతే. ఇప్పుడు బిల్డింగ్ మొత్తం ఆ కేబులే దారి చూపిస్తుంది, గుమ్మం దగ్గర మొదలై షోరూమ్ చుట్టూ తిరిగి మెట్ల వెంట పైకెక్కి ఆఫీసులో ఒక్కో డెస్కు దాకా వెళ్తుంది.

టెక్నికల్‌గా ఒక్క విషయం, చేయాలనుకునేవాళ్ళకి. కళ్ళ ముందు చేతికందే ఎత్తులో కేబుల్ ఉంటుంది కాబట్టి తక్కువ వోల్టేజి డీసీ అనుకున్నాం. మొదట 24 వోల్టులు, కానీ లైను పొడుగయ్యేకొద్దీ చివరి ల్యాంపు మసకబారింది. 48కి మారితే అదే వెలుగుకి కరెంట్ సగం సరిపోతుంది, వైర్‌లో పోయే నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది, కేబుల్ కూడా సన్నగా ఉంచొచ్చు. ల్యాంపులకి కరెంటు మార్చి ఇచ్చే డబ్బాలుంటాయి, డ్రైవర్లంటారు, అవన్నీ ఒక చోట గాలాడే గదిలో పెట్టాం, ఒకటి పోతే నిచ్చెన ఎక్కక్కర్లేదు.

ఏది ఎక్కడ పెట్టాలన్నది బిల్డింగే తేల్చేసింది. మామూలుగా షోరూమ్‌కి వెలుతురున్న చోటు ఇస్తారు, మాకు రివర్స్, ల్యాంపు అందం తెలియాలంటే చీకటుండాలి. కింద అంతస్తు వెనక భాగం గుహలా ఉంటుంది, పైగా అక్కడ ప్రెస్ మెషిన్లు ఆడిన నేల, ఎంత బరువైనా మోస్తుంది, షోరూమ్ అక్కడ. పై అంతస్తుకి పొడుగాటి కిటికీలు, అచ్చులు కూర్చేవాళ్ళు ఆ వెలుతురులోనే పనిచేసేవాళ్ళట, ఆఫీసు అక్కడ. చాలా బిల్డింగ్ కోడ్స్‌లో ఆఫీసు ఫ్లోర్ చదరపు మీటరుకి సుమారు 250 కిలోలు మోయాలంటారు, షాపుకైతే 400, కాబట్టి చెక్క ఫ్లోర్ మీద ఆఫీసు పెట్టడమే తెలివి. అయినా దూలాలు చెక్ చేయించాం, రెసిస్టోగ్రాఫ్ అని సన్నటి సూది లాంటి డ్రిల్లు చెక్కలోకి పంపితే లోపల ఎక్కడ గుల్లగా ఉందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. నడిమంతా ఉక్కులా ఉంది, తడి గోడలో దూర్చిన చివరలే రెండు చోట్ల పుచ్చిపోయాయి. దూలాలు మార్చేద్దామని కాంట్రాక్టర్, చివరలు మాత్రమే కోసి కొత్త చెక్క అతికించి మధ్యలో స్టీలు ప్లేటు పెడదామని స్ట్రక్చరల్ ఇంజనీరు. ఇంజనీరు మాటే నిలిచింది.

కిటికీలు కూడా అంతే. ఎండీ గారు రెండద్దాల డబుల్ గ్లేజింగ్ కొత్తవి పెట్టించేద్దామంటే మేడం న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ సంగతి చెప్పారు, కరెంటు ఖర్చు తగ్గేలా దాన్ని బాగుచేసినప్పుడు 6,514 కిటికీల అద్దాలు పారేయకుండా అదే బిల్డింగ్ లోపల వర్క్‌షాప్ పెట్టి విప్పి, మధ్యలో ఫిల్మ్ వేసి, గ్యాస్ నింపి మళ్ళీ బిగించారు. మాది దాంతో పోలిస్తే పిల్ల పని, కింది కమ్మీలు పుచ్చిన చోట చెక్క అతికి, లిన్‌సీడ్ నూనె పుట్టీ పెట్టి, లోపలి వైపు తీసి పెట్టుకునే రెండో అద్దం బిగించాం. రోడ్డు గోల సగం తగ్గింది, అది మేం ఊహించని లాభం.

ఫైర్ వాళ్ళ రూల్స్, ర్యాంపు, లిఫ్టు, రెండో మెట్ల దారి, వీటి గురించి రాస్తే ఇంకో అంత అవుతుంది. ఒక్కటే చెప్తా, ఫైర్ వాళ్ళనీ హెరిటేజ్ వాళ్ళనీ విడివిడిగా కలవకండి, ఒకళ్ళు తలుపు వెడల్పు చేయమంటారు, ఇంకొకళ్ళు తలుపు ముట్టుకోవద్దంటారు, మధ్యలో మీరు బంతాటలో బంతి. ఇద్దర్నీ ఒకే రోజు సైట్‌లో నిలబెట్టి మాట్లాడించండి. మాకు అలాగే తేలింది, పాత తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచి, లోపల కొత్త ఫైర్ డోర్ ఒకటి మా ఫ్రేముకే బిగించాం. సోలార్ ప్యానెళ్ళు ముందు కప్పు మీద వద్దన్నారు, వెనక షెడ్డు మీద పెట్టుకున్నాం, కిందనుంచి కనపడవు.

గ్రీన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. దాంతో పాటు గోడకి బిగించుకోమని ఇత్తడి ఫలకం ఒకటి పంపారు, మేకులతో సహా. గోడకి మేకు కొట్టకూడదు కదా, అది కూడా నారింజ కేబులుతో ఫ్రేముకి వేలాడుతోంది.

ఓపెనింగ్ అయ్యాక తెలిసిన మంచి, చెడు కూడా చెప్పాలి. మందపు గోడల వల్ల మధ్యాహ్నం దాకా ఏసీ పెద్దగా అక్కర్లేదు, రాత్రి కిటికీలు తెరిచి ఉంచితే ఇంకా మేలు. సున్నపు వెల్లకి ఆనుకుంటే బట్టలకి కొంచెం అంటుతుంది, స్టాఫ్ అందరూ మొదట్లో పసుపు భుజాలతో తిరిగారు, అందుకని మనుషులు ఆనుకునే చోట్ల ఫ్రేముకి చెక్క పలకలు వేశాం. వెనక గోడ ఇంకా ఆరుతూనే ఉంది, నెలకోసారి శాంపిల్ తీస్తున్నారు, అంకె మెల్లగా దిగుతోంది. వానపైపుల్లో ఆకులు తీసే పని ఎవరిదో పేరు రాసి మరీ పెట్టాం, ఎందుకంటే మొత్తం కథకి మూలం ఆ పైపే.

పెద్ద ఇబ్బంది ఒక్కటే మిగిలింది, చప్పుడు. ఎత్తైన కప్పు, గట్టి నేల, పై అంతస్తులో ఒకళ్ళు ఫోన్ మాట్లాడితే అందరూ విన్నట్టే. గోడలకి ప్యానెళ్ళు కొట్టలేం, కప్పు మూయలేం. ఫెల్ట్ షీట్లు ఫ్రేముల మధ్య తెరల్లా వేలాడదీయాలని మేడం ప్లాన్ ఇచ్చారు, కొటేషన్ వచ్చింది, ఫైనాన్స్ ఆయన టేబుల్ మీద ఉంది. ఆయన దాని గురించి ఫోన్లో ఎవరితోనో బేరమాడుతుంటే నాకు నా సీటు దాకా ప్రతి అంకె వినపడుతోంది, ఇంకొంచెం తగ్గేలాగే ఉంది.